చాలినంత మసక

రాత్రి పదకొండు దాటాక
ఫర్వానియాలో ఈ స్కానరు నాది.
అప్పటిదాకా దెబ్బలు తగిలినవాళ్ళది, దగ్గేవాళ్ళది,
తలనొప్పికి కారణం వెతుక్కునేవాళ్ళది.

బల్ల మీద అక్రిలిక్ దిమ్మని పడుకోబెడతాను.
పదహారు సెంటీమీటర్ల తల.
దీనికి జుట్టు లేదు, భయం లేదు,
ఊపిరి బిగబట్టమని నాలుగు భాషల్లో చెప్పక్కర్లేదు.
నడిమి బెజ్జంలో పెన్సిలంత గొట్టం దూర్చి
బయటికొచ్చి సీసం తలుపు వేస్తాను.
కాసేపటికి ఆ తల
ఒక అంకె అయి నా తెర మీదికొస్తుంది.

ఏం ఉద్యోగమే అని మేనత్త ఫోన్లో అడిగితే
వెలుతురు కొలుస్తాను అన్నాను.
కంటికి కనబడేదేనా? అంది.
కనబడితే నాతో ఏం పని అత్తా.

మూడేళ్ళుగా పోగేసిన నాలుగువేల వరసలు.
పేర్లు చెరిపేశాను, అది నియమం.
వయసు, బరువు, ఏ భాగం, ఎంత మోతాదు, ఇవే మిగిలాయి.
పేరు తీసేసినంత మాత్రాన
మనిషి పూర్తిగా పోడు.
రెండువేల నూట ఆరో వరస:
వయసు మూడు. తల.
మోతాదు మాత్రం నిండు మగవాడిది.
పిల్లాడో పిల్లో, మంచం మీంచో మెట్ల మీంచో.
తొందరలో ఎవరో ఒక మీట మార్చలేదు.
ఏడ్చి ఉంటుంది, ఇంటికెళ్ళి ఉంటుంది,
చాక్లెట్ తిని నిద్రపోయి ఉంటుంది.
ఆ వరస మీద
నా వేలు ఇంకా ఆగుతుంది.

"బొమ్మ అద్దంలా ఉండాలి" అంటాడు డాక్టర్ ముహన్నద్.
అద్దంలా ఉందంటే
ఎవరి ఒంటికో అక్కర్లేనిది తగిలిందని అర్థం.
ఈ మాట ఆయనతో ఎలా అనాలో
ఆర్నెల్లు ఆలోచించాను.

మోతాదు సగం చేస్తే
మసక రెట్టింపు కాదు,
ఒకటిన్నర రెట్లు కూడా కాదు.
లెక్కలో ఎక్కడో చిన్న దయ ఉంది,
దాన్ని పట్టుకునే నేను బతుకుతున్నాను.

అరవై బొమ్మలకు కావాలని గరుకు కలిపి
అసలు వాటితో కలగాపులగం చేసి ఇచ్చాను.
ప్రతి రక్తపు చారనూ ఆయన కనిపెట్టాడు,
ఏది ఏదో కనిపెట్టలేదు.
కుర్చీలో వెనక్కి వాలి "కాఫీ" అన్నాడు.
వచ్చిన కొత్తలో అయితే
కప్పు తేవడానికి లేచేదాన్ని.
చాలు, అంటున్నాడాయన.

ఆ సాయంత్రం తూజ్ లేచింది.
ఊరంతా పసుప్పచ్చ ఇసుక,
సముద్రం వైపు మేడలు లేవు, ఆకాశం లేదు.
అయినా బస్టాపులో నిలబడ్డ ప్రతివాడూ
తన బస్సుని దాని నడకని బట్టి పోల్చుకుని ఎక్కాడు.
నేనూ ఎక్కాను.

గెలిచానని అనుకోకండి.
మొన్న కంపెనీ ఇంజనీరు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి వెళ్ళాడు,
పిల్లల మోతాదులన్నీ
మళ్ళీ పెద్దవాళ్ళవయ్యాయి.
నాలుగు రోజుల తర్వాత గాని నేను చూసుకోలేదు.
ఆ నాలుగు రోజుల్లో తొమ్మిది వరసలు.

ఈ రాత్రి నేల తుడవడానికి వచ్చిన చాంద్‌బీ
తుడుపుకర్రకి ఆనుకుని అడిగింది:
"రాయచోటి ఇడిసినప్పటి సంది
ఎదకు ఫోటోలు తీస్తానే ఉండారు.
ఒక్కటన్నా సూపియ్యరు.
నా ఒంట్లో ఇంగేం మిగిల్నాదమ్మా?"

భయపడేంత కాదు చాంద్‌బీ అన్నాను.
ఒక్కో ఫోటో, ఎండా గాలీ మట్టీ
మనకి ఊరికే ఇచ్చే నాలుగైదు రోజుల పాలు.
ఆమె నమ్మినట్టు లేదు.
నేనడిగింది అది కాదులే, అన్నట్టు చూసింది.

కార్డు నంబరు చెప్పమని
ఆమెది ఆమెకే చూపించాను.
తెర మీద తెల్లగా పక్కటెముకలు,
ఎడమకి ఒరిగిన గుండె నీడ.
దగ్గరికొచ్చి, చేయి కొంగుకి తుడుచుకుని,
మెడ దగ్గర వేలు పెట్టి వెతికింది.

"నా తావీదు పడలేదే?"

తీసి పక్కన పెట్టమన్నారు కదా, అన్నాను.

"అవును," అంది,
"సెప్పినారు."
ఇంకా వెతుకుతూనే ఉంది.