వత్తు

ఛత్రపురం కచేరీకి ఇది నాలుగో రాక.
మూడుసార్లు వరండా దాటలేదు.

వరండా అంటే చిన్నదేం కాదు.
మా వాడ వాడంతా వలలు ఆరేసుకోవచ్చు.
ఇద్దరు చేతులు చాపినా అందని స్తంభాలు,
సున్నం పెచ్చు లేచినచోట ఎర్ర ఇటుక,
ఇటుక మీద ఎవరో కిళ్ళీ సున్నం తుడిచిన వేలి గీత.
తలుపుపైన దొరల కాలం ముద్ర ఉండేదట, చెక్కేశారు.
ఆ గుంటలో పావురం గుడ్లు పెట్టింది.

లోపల చల్లగా ఉంది. భయంగానూ ఉంది.
సముద్రం చప్పుడు వినబడని గోడలు
నాకు అలవాటు లేదు.

కావలసింది ఒక్క కులం కాగితం, తమ్ముడి ఉద్యోగానికి.
దానికి ముత్తాత పేరు కావాలి, పాత పుస్తకంలో, పాత సిరాతో.
మా దగ్గరున్న కాగితాల్లో ఆయన గురుబాయా.
గురువయ్యలో వ ఒడియాలోకి దిగి బ అయింది,
య్య సాగి యా అయింది.
బాయా అంటే ఇక్కడ పిచ్చివాడు.
తుపానుకి తెప్ప విరిగినా మతి చెడని మనిషికి
గుమాస్తా కలం పోటుతో పిచ్చి పట్టింది.

ఇవాళ రికార్డు గది తెరిచారు.
బిసోయి బాబు చేతిలో జానెడు తాళంచెవి.
చెదలమందు, తడి గోనెల వాసన.
ఎర్రగుడ్డ మూటలు కప్పుదాకా.
నిచ్చెనెక్కి, దించి, రెండుసార్లు తుమ్మి
రేవు పన్ను పుస్తకం బల్లమీద పరిచాడు.
"తెలుగు. నాకు రాదు.
చదివే ఆయన రిటైరై పదకొండేళ్ళు.
నీ భాషే కదా, చూసుకో."

నా భాషే.
చేప బేరమాడినా, తమ్ముణ్ణి తిట్టినా,
అమ్మ పోయిన రోజు ఏడ్చినా అందులోనే.
కానీ మా ఊరి బడి ఒడియా బడి.
తెలుగు నాకు నోట్లో ఉంది, కంట్లో లేదు.
ఇంటి పద్దు తెలుగు మాటల్లో, ఒడియా అక్షరాల్లో రాస్తాను.
ఇదీ అలాగే రాశాను,
ఎవరైనా మార్చి రాస్తే మీదాకా వస్తుంది.

తల వంచాను. పేజీ నిండా గుండ్రాలు.
వేలుపెట్టి వరసలు దిగుతున్నాను,
చదవడానికి కాదు, చదువుతున్నట్టు కనబడడానికి.
బిసోయి బాబు గడియారం చూశాడు.

ఏడో పేజీలో వేలు ఆగింది.

మా పెరట్లో కోళ్ళగూటి తలుపు ఒక తెప్ప చెక్క.
తాత తన తండ్రి పేరు పెట్టుకున్న తెప్పది.
నీలం రంగులో సగం పేరు మిగిలింది దానిమీద:
తోక ఉన్న గుండ్రం, గుండ్రం, ఇంకో గుండ్రం,
చివర కిందికి వేలాడే గాలం.
రోజూ పొద్దున్నే పక్కకి లాగి కోళ్ళను వదిలేదాన్ని.
అక్షరాలని తెలుసు. బొమ్మలాగే చూశాను.

గాలాలు ఈ పేజీలో చాలా ఉన్నాయి,
ఆ కాలపు మగాళ్ళందరూ అయ్యలే కదా.
తోక, గుండ్రం, గుండ్రం, గాలం
వరసగా ఉన్నది మాత్రం ఒక్కచోటే.
పక్కన బొటనవేలి మచ్చ, ఎండిన గవ్వలా.

"ఇదే."
"చదివావా?"
"గుర్తుపట్టాను."
"వేరే ఇంటి గురువయ్య అయితే?"
"అయితే అయ్యాడు. పిచ్చివాడు మాత్రం కాదు."

ఆయన నవ్వలేదు.
నకలు కాగితం తీసి, కళ్ళజోడు తుడుచుకుని,
భాష రాని ఆ మనిషి
మా ముత్తాత పేరుని ముగ్గులా చూసి చూసి గీశాడు.
తోక వచ్చింది. గుండ్రాలు వచ్చాయి.
కలం మూత పెట్టబోయాడు.

నేను చూపుడువేలు కాగితం మీద ఉంచాను.
వత్తు అంటారట దాన్ని, తర్వాత తెలిసింది.
ఆయన మళ్ళీ వంగి
గాలం కిందికి దించాడు.

సోమవారం రమ్మన్నాడు.