తొమ్మిదోది

మొదటిసారి రంగులు చూసి కొన్నాను.
వెండిరెక్కల ఏంజెలు ఒకటి,
నీలం దీపాల్లాంటి నియాన్ టెట్రాలు ఎనిమిది.
అద్దాలపెట్టెలో లైటు వేస్తే
సంతపేటలో మా మిద్దెగది తిరునాళ్ళయింది.

తెల్లారి లెక్కేస్తే ఏడు.
మర్నాడు ఆరు.
శవం లేదు, ఒక పొలుసు లేదు,
నీళ్ళు తేటగా, ఏమీ ఎరగనట్టుండాయి.
ఏంజెలు మాత్రం
విందు ముగించిన పెద్దమనిషిలా
మెల్లగా ఈ మూలనుంచి ఆ మూలకి.

ఐదోనాటికి తల పట్టుకోని పోయినాను
చర్చి వీధిలో షంషాదక్క అంగడికి.
కొళత్తూరు సరుకు అప్పుడే దిగింది.
తొట్టిలో తేలుతున్న పాలిథీన్ సంచుల్లో
చేపలింకా బస్సుకుదుపుకి ఊగుతుండాయి.

చేతులు తుడుచుకోని అడిగింది:
"దాని నోరు చూసినావానా?"
చూడలేదు. రెక్కలు చూసినాను.
"నోట్లో పట్టేదేదీ
తోటిది కాదునా, మేత.
దాని తప్పేముంది? పక్కన పెట్టింది నువ్వు."

నా పేరు మునిరత్నం. పదహారేండ్లుగా
చిత్తూరులో బాడుగిండ్లు చూపిస్తుండాను.
ఒక నెల బాడుగ నా కూలి.
ఎవరి పక్కన ఎవరిమడతారో
నాకు తెలుసనే అనుకున్నాను.
పోయినేడు గ్రీమ్స్‌పేటలో నేను దించిన నర్సమ్మ
నాలుగు నెలలకే ఖాళీ చేసింది.
గొడవ లేదు, కేక లేదు.
మెట్లకింద చెప్పులే ఒక జత తక్కువ.

చారల బార్బుల్ని చూపించినాను, ఒక మూడు చాలని.
"మూడుంటే దిక్కుతోచక
పక్కవాటి తోకలు కొరుకుతాయి.
పదుంటే వాటిలో అవే తరుముకోని
లోకాన్ని వదిలేస్తాయి.
నీ పెట్టె పదిటికి చాలదులే."
గోల్డుఫిష్షన్నాను.
"దానికి చలవ కావల్ల.
మే నెలలో ఈ ఊర్లో నీకే లేదు."
సీసాలో ఎర్రటి ఫైటరు.
నన్ను కాదు, గాజులో తననే చూసుకోని
రెక్కలన్నీ విప్పి మీదికొచ్చింది.
అక్క ఏమీ అనలేదు,
సీసామీద గుడ్డ కప్పింది.

అప్పుడడిగింది:
"నీళ్ళెట్లుంటాయి మీ ఇంట్లో?"
"బోరునీళ్ళక్కా. ఏడొందల అడుగులు.
గిన్నె అడుగున సున్నం,
తల పోసుకుంటే వెంట్రుకలు చీపురు."
నవ్వింది. "ఇంకేం. మోలీలు తీసుకో.
ఆ సున్నమే వాటికి పుట్టినిల్లు.
నియాన్లది మెత్తనినీళ్ళ ప్రాణం.
ఏంజెలు మింగకపోయినా
మెల్లగా నీ బోరు మింగేదే."

నల్లవి తొమ్మిది. మగవి మూడు, ఆడవి ఆరు.
మగవి ఎక్కువైతే ఆడదాన్ని
నిద్రపోనియ్యకుండా తరుముతాయని
గొంతు తగ్గించి చెప్పింది, అంగట్లో పిల్లోళ్ళుండారని.
ఏంజెల్ని వాపసు తీసుకుంది,
దానంతటివే నాలుగున్న పెద్దతొట్టిలోకి.
"సంచిని అరగంట తేలనియ్.
మీ నీళ్ళు గ్లాసు గ్లాసుగా కలుపు.
ఎవరినీ ఒక్కసారిగా దించగూడదు."

రాత్రి పెట్టె ముందర కూర్చోనుంటే ఫోను.
గ్రీమ్స్‌పేట మిద్దె ఓనరు.
"రేపొచ్చేవాళ్ళు ఏమిటోళ్ళు మునిరత్నం?"
పదహారేండ్లుగా ఆ ప్రశ్నకి
నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది,
ఒక్క మాట, నోట్లో పట్టేంత.
ఈ రాత్రి దాన్ని మింగి అడిగినాను:
"సార్, నీళ్ళెట్లుంటాయి మీ ఇంట్లో?"
అవతల చాలాసేపు
గాలిమోటారు చప్పుడు లాంటిదేదో.
అది నా పెట్టెదే కావచ్చు.

ఫోను పెట్టేసి లెక్కేసినాను.
ఎనిమిది.
మళ్ళీ లెక్కేసినాను. ఎనిమిది.
మోకాళ్ళూని, చెంప అద్దానికానించి
ఫిల్టరు వెనక చీకట్లోకి
చూస్తుండాను.