చీరల కింది అక్షరం

బడాబజారులో కొన్నాం రెండు వీపు సంచులు,
ఆయనకి బూడిద రంగుది, నాకు నారింజది.
కొట్టు కుర్రాడు ఒడియాలో అడిగాడు: ఏ కాలేజీకి, మౌసీ?
చైనాకి, అన్నాను తెలుగులో.
నవ్వాపుకోలేక యాభై తగ్గించాడు.

నెల్లాళ్ళు, తెల్లారకముందే,
బరంపురం వీధుల్లో నడక నేర్చుకున్నాం
సంచుల్లో బియ్యం పోసుకుని.
పదకొండు కిలోలు.
అప్పడాల సుభద్ర కాటా మీద తూచుకున్న బరువు.
మొదటి వారం కుక్కలు మొరిగాయి,
రెండో వారం అవీ మాతో నడిచాయి.
"దండపాణీ, ఊరొదిలేస్తున్నావా?" అని ఎవరో.
ముప్పై ఏళ్ళు మగ్గం గుంటలో
కాళ్ళతో తొక్కుతూ కూర్చున్న మనిషి,
అంత తొక్కినా ఒక్క అడుగు ముందుకెళ్ళని కాళ్ళవి.
గుంట ఇప్పుడు లేదు. సిమెంటు పోశాం.
స్కూటీ నిలబెడతాం.

గుంపులో పదహారు మంది.
కటకం బ్యాంకు దంపతులు,
ఫోటోల కోసమే కొండలెక్కే కొత్త జంట,
పచ్చజెండా పట్టుకుని ముందు నడిచే లిపిక.
వాళ్ళకి మేం తెలెంగాలం.
ఇచ్ఛాపురం దాటితే మనవాళ్ళకి ఒడియా వాళ్ళం.
అక్కడ స్టేషన్లో ఒక పోలీసు పిల్లాడు
పాస్‌పోర్టు తిప్పి చూసి ఒక్క మాటన్నాడు: యిందు.
అంతేనా!
ఇంత సులువని ముందే తెలిస్తే
ఎన్ని పెళ్ళిళ్ళలో ఎన్ని మాటలు పడకుండా పోయేదాన్ని.

మూడంతస్తుల పడకల రైలు.
నాది పై బెర్తు, ఎక్కడానికి ఆయన భుజమే మెట్టు.
ఎక్కడ చూసినా వేడినీళ్ళు, ఉచితంగా.
సీసాలో పట్టుకెళ్ళిన పులుసుముద్ద కలిపాను.
బ్యాంకావిడ ఒక గుక్క అడిగింది,
తెల్లారేసరికి సీసా ఖాళీ.

సుజౌ దాటాక ఒక పల్లె.
ఊరి మొగదల రాతిపలక ముందు ఆగిపోయారాయన.
"తారిణీ, ఇది మన బీరువాలో అక్షరం."
నిజమే.
పట్టు కట్టలు చుట్టొచ్చిన గులాబీ కాగితాలు,
ఎందుకు పారెయ్యడమని
చీరల కింద అరల్లో పరిచాను నేను.
చదవడం రాని ఆ అక్షరం మీద
నా పెళ్ళిచీర ఇరవై ఏళ్ళుగా పడుకునుంది.

లోపల ఒక ముసలావిడ,
సలసల కాగే తొట్టిలో పట్టుగూళ్ళు తేలుతుంటే
చీపురుపుల్లలతో కదిపి
కొస దొరికించుకుంటోంది.
ఆ వాసన,
మా పెరట్లో సోడానీళ్ళలో కోరాపట్టు ఉడికిన వాసన.
నా కడుపులో ఏదో తిరిగింది.

మమ్మల్ని ముంచింది ఈ కట్టలేనని
సంఘం మీటింగుల్లో బల్లగుద్దిన మనిషి ఈయన.
తిడతారేమో అనుకున్నాను.
ఆవిడ ఈయన చెయ్యి పట్టుకుంది, అడక్కుండానే,
బొటనవేలు పక్కన కాయ కాసిన చోటు తడిమింది,
తన చెయ్యి తిప్పి చూపించింది.
అదే చోట. ఇంకా పెద్ద కాయ.
తర్వాత ఈయన చేతిలో ఒక పోగు కొస పెట్టింది.
కంటికి కనిపించలేదు. చేతికి తెలిసింది.

పచ్చజెండా ఊగింది. బస్సు హారను కొట్టింది.
పదిహేను నిమిషాలు నిలబడ్డారాయన.
బస్సెక్కాక ఎవరూ మాట్లాడలేదు మాతో,
కొత్త పెళ్ళికొడుకు మాత్రం
"అంకుల్, సెల్ఫీ తీసుకున్నారా?" అన్నాడు.

ఆ పోగు నా గాజుకి చుట్టుకుని వచ్చింది.
విమానాశ్రయంలో ఎవరూ అడగలేదు.
అడిగినా, లేదనే చెప్పేదాన్ని.

ఇంటికొచ్చి సంచులైనా దించకుండా బీరువా తీశాం.
చీరలు మంచం మీదికి తీసి, కాగితం చూసి,
ఫోనులో రాతిపలక ఫోటో పక్కన పెట్టి చూశాం.
ఇన్నేళ్ళూ తలకిందులుగా పరిచాను.
మరి ఆయన ఎలా గుర్తుపట్టారో!

తిప్పి పెట్టనా, అన్నాను.
వద్దులే,
చీరలకి అలవాటైపోయింది, అన్నారు,
వీపు మీద సంచితోనే నిలబడి.