నీటిగీత

లారీ నడిమధ్యకి.
కార్లు అటు రెండు, ఇటు రెండు.
మోటారు సైకిళ్ళు సందుల్లోకి.
"రానీ, రానీ, ఎడం కొట్టు, ఆపు!"
ఇరవై రెండేళ్ళుగా నర్సాపురం రేవులో
ఇదే నా మాట.
అన్నం వడ్డిస్తుంటే కూడా
"రానీ, రానీ" అంటానని మా ఆవిడ నవ్వుతుంది.

పంటు పక్కన తెల్లరంగుతో ఓ గీత ఉంది.
నాకొచ్చిన చదువు అదే.
కొబ్బరికాయల లోడు ఎక్కితే జానెడు మునుగుతుంది,
పెళ్ళి బస్సుకి బెత్తెడు.
ఖాళీగా ఉన్నప్పుడే పంటు ఎక్కువ ఊగుతుంది.
కొత్త కుర్రాళ్ళకి చెబితే నమ్మరు.

సరంగు పెద్దింట్లు గడియారం పెట్టుకోడు.
ఆటు తీస్తే బురద వాసన,
పోటెక్కితే ఉప్పు వాసన, అంతే.
మొన్నటి ఇసుక మేట ఇవాళ ఎక్కడికి జరిగిందో
ఇంజను గొంతు మారగానే చెప్పేస్తాడు.
గుర్రపుడెక్క ఫ్యానుకి చుట్టుకుందా,
పంటు కన్నా ముందు ఆయన బూతులు
సఖినేటిపల్లి చేరతాయి.

టికెట్ల గదిలో వీరభద్రం.
వెనక గోడకి బోర్డు:
మనిషికి ఇంత, సైకిలుకి ఇంత,
మేకకి, గంపకి, ట్రాక్టరుకి.
బోర్డులో లేనిదేదైనా వస్తే
ఆయనకి చెమటలు పడతాయి.

ఆ రాత్రి ఆఖరి ట్రిప్పుకి
ఓ మ్యాజిక్ వ్యాను వచ్చింది.
వెనక సీట్లు తీసేసి చాప పరిచారు,
చాపమీద దుప్పటి,
దుప్పటి కింద మనిషి.
వీరభద్రం టార్చి వేసి చూసి
"సామాను కింద రాయాలో, మరి..." అని నసిగాడు.

పక్కన కూర్చున్నావిడ ఏమీ అనలేదు.
దుప్పటి కాస్త తొలగించి
ఆయన చొక్కా జేబులో రెండు వేళ్ళు పెట్టి
నలిగిన గులాబీ కాగితం తీసింది.
"పొద్దున్నే రానూపోనూ తీసుకున్నారండీ.
సగం మీవాళ్ళే చింపారు.
ఇది తిరిగొచ్చే సగం."

చేతి అలవాటు, వీరభద్రం చింపేశాడు.
చింపాక ముక్కలు ఎక్కడ పారెయ్యాలో తెలియక
జేబులో పెట్టుకున్నాడు.

లారీ చోటు ఖాళీగానే ఉంది.
"రానీ" అనబోతే గొంతు పెగల్లేదు,
చెయ్యి ఊపాను.
డ్రైవరు నెమ్మదిగా నడిమధ్యకి తెచ్చి ఆపాడు.
తాడు విప్పి, గీత చూద్దామని వంగాను.
చీకటి. కనబడలేదు.

తెల్లారి ఐదింటికి రొయ్యల వ్యాన్లు నాలుగు,
ఐసు నీళ్ళు కార్చుకుంటూ.
ఒకడు రివర్సులో వచ్చి ర్యాంపు గొలుసు తెంపబోయాడు.
"ఎడం కొట్టరా, ఎడం!"
పెద్దింట్లు హారను మోగించాడు.
వీరభద్రం నిన్నటి చొక్కాలోనే ఉన్నాడు,
చిల్లర లేదని
ఎవరితోనో తగువు పడుతున్నాడు.