చీటీలు రాలిన రాళ్లు

హన్మకొండ కాలేజీల మూడో అంతస్తు ల్యాబు.
తాళం తీసుడు, రాళ్లు తుడుసుడు,
ఇరవై రెండేండ్ల సంది ఇదే నా కొలువు.
బంక ఎండి పేరు చీటీలన్నీ రాలినయి.
ఏ డబ్బల ఏ రాయో రిజిస్టరు మర్చిపోయింది,
నా అరచేతులు మర్చిపోలె.

మొన్న జుబేదా మేడం రాని పూట
రేగొండ పోరి రవళి ఉరికొచ్చింది:
"అన్నా, రేపే ప్రాక్టికల్సు.
వీటిల్ల అగ్నిశిల ఏది, అవక్షేప శిల ఏది?"

పుస్తకపు మాట నాకు రాదు.
సీసా మూతతోని రెండిటి మీద చెరో చుక్క వేసిన.
ఒకదాని మీద చుక్క
పిలువని పేరంటానికి వచ్చినట్టు గుండ్రంగ నిలబడ్డది.
రెండోది గుటుక్కున మింగింది.
తడి మచ్చ ఒక్కటే, అదీ చూస్తుండంగనే ఆరింది.

"మింగనిది అగ్గిల పుట్టింది బిడ్డా,
మింగింది నీళ్లల్ల పుట్టింది.
ఇంకా దూప తీరలె దానికి."

మా నాయిన వల్లెపు ఓదెలు
మడికొండ గుట్టల సమ్మెట పట్టినోడు.
కొట్టే ముందు రాయికి చెవి ఆనిచ్చి చిన్నగ తట్టేది.
ఖంగుమంటె శానం పెట్టు;
బొంగురుపోతె లోపల పగులున్నట్టు, పక్కకు జరుగు.
"తొందర లేకుంట సల్లారిన రాయిర ఇది,
నేల కడుపుల ఎన్ని కాలాలు ఆగిందో,
అందుకే పలుకు పలుకు ఇంత పెద్దగ,
తెల్లది తెల్లగ, గులాబిది గులాబిగ,
నడుమ అభ్రకం మిణుకు" అనేది.
ఎవరు చెప్పిండ్రో ఆయనకు. బడి మొఖం చూడలె.

మా మామ భూపాలపల్లి బొగ్గుబాయిల పనోడు.
ఆయన తల మీద ఇసుకరాయి కప్పు:
పొర మీద పొర,
ఏ ఏరు ఏ వానకాలం ఎంత ఇసుక దించిపోయిందో
పద్దు రాసినట్టు.
పొరల నడుమ ఓసారి ఆకు అచ్చు చూసిండట,
ఈనెలతో సహా.
ఆయన సుత కట్టెతోని కప్పును తట్టి వినేది.
బొంగురుపోతె టిఫిను గిన్నె ఇడిసి ఉరుకుడే.
నా పెండ్లిల ఆ ఇద్దరు పక్కపక్కన కూసుండి
రాత్రంత రాళ్ల గొంతుల గురించే మాట్లాడిండ్రు.
ఇస్తార్లల్ల పప్పు సల్లారింది.

రవళి రాసుకుంటనే ఉన్నది. తలెత్తి అడిగింది:
"అన్నా, ఈ ఇసుక పలుకు ముందుగాల ఏడుండె?"

నా చేతిల గుడ్డ ఆగింది.

ఎంజీఎం దవాఖానల ఎక్స్‌రేను వెలుగుకు పట్టి
డాక్టరు వేలుతోని చూపిచ్చిండు అప్పుడు:
నాయిన రెండు ఊపిరితిత్తులల్ల
తెల్లగ, మెత్తగ,
ఏడాది మీద ఏడాది పేరుకున్న గుట్ట.
నీళ్ల చుక్కను రానియ్యని రాయి
పిండై ఆయన లోపలికి పోయి
పొరలు పొరలుగ పండుకున్నది.

"దాంట్లనే ఉండె బిడ్డా," అన్న,
గ్రానైటును చూపిచ్చి.

ఆమె కాయితం చించి పేర్లు రాసి అంటిచ్చింది.
ల్యాబంత కొత్త బంక వాసన.
పోయిందనుకున్నంక చూస్తె
గ్రానైటు మీది చుక్క ఇంకా అట్లనే ఉన్నది.
తుడుద్దామని గుడ్డ దగ్గరకు తెచ్చిన,
తుడువలె.
ఊదితె
అటు ఇటు కదిలింది.