పిల్లికి పేరు పెట్టినం

రెండో షిఫ్టు దిగి వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతది.
ఇంట్లకు పోను.
సందుల కుళాయి కాడనే అంగీ విప్పి
బకెట్ల ముంచుత. నీళ్లు నల్లగైతయి.
పారబోసి మళ్ల ముంచుత. మళ్ల నల్లగైతయి.
సాస్తి గని నా మీద పదకొండేండ్ల సంది పేరుకుంటున్నది,
దాన్ని గడప దాటనియ్యద్దని
డాక్టర్ వైరాగడే బాయి మొన్న మొన్ననే చెప్పింది.
ఓదెలుకు నాలుగేండ్లు నిండినంక.

లోపట వాడు నిద్ర.
నిద్రంటే, ముక్కుపుటాలు ఎగరేసుకుంట
డొక్కలు లోపలికి గుంజుకుంట
ఎదల పిల్లికూత.
"అవ్వా, పిల్లి లోపలికెట్ల పోయింది?" అని
వాడే అడిగిండు ఒకనాడు.
జవాబు లేక దానికి పేరు పెట్టినం, బుడ్డి అని.
ఇప్పుడు పొద్దున లేస్తనే ఇంటిల్లిపాది అడిగేది ఒక్కటే,
బుడ్డి పండుకున్నదా, మేల్కున్నదా?

మిరుగు నాడు హైదరాబాదు తీస్కపోయి
చేప మింగియ్యిమన్నడు పెద్దబావ.
జనరల్ డబ్బాల ఊపిరాడనోనికి
చేపెట్ల దిగుతది గొంతుల?
పక్కింటి శేవంతాబాయి అడుళసా తెచ్చింది గుప్పెడు.
మా అమ్మ ఆకు నలిపి వాసన చూసి
"ఇది మా అడ్డసరమే గదనే!" అని నవ్వింది.
రోటి కాడ ఇద్దరికీ భాష అక్కర రాలె.
తేనె కలిపి చెంచెడు పోస్తే
వాడు సగం మింగి సగం ఇద్దరి మీదా ఊసిండు.

వాము వేసి ఆవిరి పట్టిన రాత్రి
గిన్నె ఒరిగి నా ముంజేతి మీద పడ్డది.
వాని మీద పడలె.
ఆ మచ్చ చూసినప్పుడల్లా అనుకుంట,
ఎంత ప్రేమైనా
మరుగుతున్నప్పుడు పిల్లల కాడ పెట్టద్దు.

"ఆవిరి బందు. ఆకు మీ ఇష్టం," అన్నది డాక్టరమ్మ,
"పంపు మానితే మాత్రం నా గడప తొక్కద్దు."
చీటీ వెనక ఆమె రాసినయన్నీ పైసలు లేని పనులు,
అందుకే మాకు మొదట్ల నమ్మకం కుదరలె.
పొడి చీపురు అటకెక్కింది, తడిగుడ్డ దిగింది.
రాజేశ్వరి బొంతను సలసల కాగే నీళ్లల్ల ఉతికి
కాగితం మిల్లు గాలి ఎటుందో చూసి ఎండకేసింది.
దోమల బత్తి పోయింది. ఊదుబత్తి కూడా పోతే
అమ్మ మూడు దినాలు అలిగింది.
నాలుగోనాడు పటం ముంగట నిలబడి
"మనుమనికి పొగ పడదయ్యా, ఏమనుకోకు" అని
తనే సర్దిచెప్పుకున్నది.
నా బీడీ సంగతి ఎవ్వరూ ఎత్తలె.
ఎత్తకుంటనే అందరూ చూసిండ్రు.

సాయంత్రాలు బేసిన్ల నీళ్లు, నీళ్లల్ల కాగితం పడవ.
ముక్కుతోని పీల్చి, మూతి సున్న చుట్టి
మెల్లగ, పాలు చల్లార్చినట్టు ఊదాలె.
ఈ అంచు బల్లార్షా, ఆ అంచు రాజురా,
నడుమ వార్ధా నది.
వాని పడవ ఎన్ని దినాలు నది నడుమనే నానిందో.

పుష్యమాసం ఒక రాత్రి బుడ్డి పులైంది.
తాడోబా పక్కన బతికేటోళ్లం, పులి మాటకు జడిసేటోళ్లం కాదు.
కానీ వాని పెదవులు నేరేడు రంగుకు తిరిగినయి.
అప్పుడు అడ్డసరం లేదు, పడవ లేదు.
పంపు మూతికి పెట్టి అంకెలు లెక్కపెట్టుకుంట
ఆటోల, సర్కారు దవాఖానకు.
మిషను గుర్రుమని పొగమంచు పోసింది.
తెల్లారేదాకా వాని డొక్కలు చూసుకుంట కూసున్నం,
మాట్లాడితే గాలి తక్కువైతదేమోనని
ఒక్కరం మాట్లాడలె.

మొన్న ఆదివారం పడవ రాజురా చేరింది.
వాడు ఎగరలె, అరవలె.
వచ్చి నా ఎద మీద చెవి ఆనిచ్చిండు,
చానాసేపు.
"బాపూ, నీ బుడ్డి కూడా మేల్కున్నది."

బేసిను నా ముంగటికి జరిపిండు.
ఊదుమన్నడు.
ముక్కుతోని పీల్చిన, మూతి సున్న చుట్టిన.
పడవ నది నడిమిట్ల ఆగి
గుండ్రంగ తిరుగుతున్నది.
"మళ్లొకసారి," అన్నడు వాడు, పంతులు లెక్క.
కుళాయి కాడ నా అంగీ ఇంకా నల్లగ కారుతున్నది.
రేపు మొదటి షిఫ్టు.