పుట్టిన తేదీ గడి

ఫారంలో రెండో గడి దగ్గరే ఆగిపోయాను.
పేరు: బొగ్గు. అది రాసేశాను.
పుట్టిన తేదీ దగ్గర
పెన్ను మూత పళ్ళ మధ్య నలిగింది.

హుద్‌హుద్ వెళ్ళిన తెల్లారి
జ్ఞానాపురం సందులో, కూలిన వేపచెట్టు కింద
తడిసిన నల్లటి ముద్ద ఒకటి కనిపించింది.
పోర్టు లారీలోంచి జారిన పెళ్ళ అనుకున్నాను.
పెళ్ళ కళ్ళు తెరిచింది.
అప్పటికి దానికి నెలా, రెండు నెలలా?
తుపానుకైతే పేరుంది, తేదీ ఉంది.

ఇప్పుడు బొగ్గు మూతి మీద బూడిద.
గడప ఎక్కాలంటే వెనక కాళ్ళు రెండూ
నువ్వు ముందా నేను ముందా అని ఒకదాన్నొకటి అడుగుతాయి.
సాయంత్రం కాన్వెంట్ జంక్షన్ దాకా కూడా రాదు,
మధ్యలో కూలబడి
వచ్చిన దూరాన్ని వెనక్కి తిరిగి చూస్తుంది.

డాక్టరమ్మ ఎక్స్‌రేని లైటుకి అడ్డం పెట్టింది:
తుంటి కీలు, ఉప్పునీళ్ళు తిన్న లంగరు గొలుసులా.
ఆపరేషన్ అంటే ఎనభై వేలు.
"ఇన్సూరెన్స్ ఉందాండీ?"

నన్నా అడగడం!
ఇరవయ్యారేళ్ళు ఇంటింటికీ పాలసీలు అమ్మినదాన్ని.
గాజువాక నుంచి భీమిలి దాకా
నా స్కూటీ ఎరగని వీధి లేదు.
మనుషుల చావు గురించి
కాఫీ చల్లారేలోగా మాట్లాడి ముగించడం నా విద్య.

మూడు కంపెనీల కాగితాలు మంచం మీద పరిచాను.
ఒకడు ఎనిమిదేళ్ళు దాటితే వద్దన్నాడు.
ఒకడు పదిదాకా రమ్మన్నాడు కానీ
నాకొచ్చే రెన్యువల్ కమీషన్‌లో సగం అడిగాడు.
మూడోవాడు అన్నిటికీ సరే అన్నాడు.
సరే అన్నవాడి కాగితమే ముందు తిరగెయ్యాలని
నాకు తెలీదూ?
వెనక, చీమ తలకాయంత అక్షరాల్లో
కీళ్ళనొప్పి కుదరదు, పాత జబ్బు కుదరదు,
ముసలితనం వల్ల వచ్చేదేదీ కుదరదు.
మరి కుదిరేదేంటి బాబూ అని ఫోన్ చేస్తే
ప్రణీత్ అట, ఎంతో మర్యాదగా,
"దొంగతనం కవర్ అవుతుంది మేడమ్" అన్నాడు.

బొగ్గునెవరు ఎత్తుకుపోతారు?
పోయినా రాత్రంతా దాని గురక విని
పొద్దున్నే తెచ్చి దింపిపోతారు.

నూకరత్నం గంప దించి
ఓ చేప తలకాయ దాని ముందు పడేసింది.
"ఓలమ్మ, దీనికింత ఆలోసనేటి?
ఏడేళ్ళని రాసెయ్యండి.
కుక్కేటి, కోర్టుకొచ్చి సెప్తాదా?"

రాసెయ్యొచ్చు. ఏడు అంకె ఎంతసేపు పడుతుంది.
కానీ ఆ గడిలోకి గరికిన పోలయ్య వచ్చి కూర్చున్నాడు.
జాలారిపేటలో, వల బాగుచేసుకుంటూ,
"యాభయ్యో అరవయ్యో తెల్దమ్మా,
పెద్ద సొర పడ్డ ఏడు పుట్టేనని మాయమ్మ సెప్పేది" అన్న మనిషి.
నేను సొరచేపని నమ్మలేదు.
సర్టిఫికెట్ తెమ్మన్నాను.
రూలు రూలే అని ఫైలు మూశాను.
ఆయన సూది ఆపకుండానే "సర్లెండి" అన్నాడు.
అంతే. మళ్ళీ ఆ వీధికి వెళ్ళలేదు.

నిజమే రాశాను: పదకొండు, సుమారు.
సుమారుని కంప్యూటర్ తీసుకోదన్నాడు ప్రణీత్.
అయితే తుపాను తేదీ వేసుకో నాయనా,
ఆ రోజు పుట్టినట్టే లెక్క,
ఈ ఊళ్ళో చాలామందిమి.

మూడో రోజు మెసేజ్ వచ్చింది, చింతిస్తున్నామని.

పోస్టాఫీసులో నెలకి రెండు వేలు కట్టడం మొదలుపెట్టాను.
నామినీ ఎవరని అడిగితే ఒక్క క్షణం తడబడి
చెల్లెలి పేరు చెప్పాను.
ఆపరేషన్ సంగతి ఇంకా తేల్చుకోలేదు.
మాత్రలు వేస్తున్నాను, బెల్లం ముక్కలో దాచి.
బెల్లం తిని మాత్ర ఉమ్మేస్తోంది.

ఈత మంచిదని డాక్టరమ్మ అంది కాబట్టి
ఆదివారాలు ఆటోలో లాసన్స్‌బే వెళ్తున్నాం.
మోకాలి లోతు నీళ్ళలో
చీర కుచ్చిళ్ళు ఎగదోపి వంగి నిలబడతాను,
దాని పొట్ట కింద రెండు చేతులూ పెట్టి.
అల వచ్చినప్పుడు బరువు సముద్రానిది.
వెళ్ళినప్పుడు నాది.